విననట్లు భావించవలెను

తీరప్రాంత ప్రజా ధ్వని కేంద్రం అనే రేడియో ఆఫీసులో గొడవంతా ఒక వేణువు ముక్కతో మొదలైంది.

అది బజార్లో దొరికే తయారు సంగీతం. సినిమాలవాళ్ళూ, రేడియోవాళ్ళూ, పెళ్ళి వీడియోలవాళ్ళూ మధ్యమధ్యలో అతికించుకోవడానికి ఎవరో బాణీ కట్టి, రికార్డు చేసి, అమ్మకానికి పెట్టిన సరుకు. కేంద్రం వారు దాన్ని న్యాయంగానే కొన్నారు. ఒక్క కార్యక్రమంలోనే వాడుకోవాలని షరతుల కాగితం స్పష్టంగా చెప్పింది. అయితే ఆ ఆఫీసులో కాగితాలు రాసే అలవాటే గాని చదివే అలవాటు ఎవరికీ లేదు. అందుకని ఆ వేణువు పొద్దున్నే భక్తి కార్యక్రమంలో మోగింది, మధ్యాహ్నం పురుగుమందుల సలహాల్లో మోగింది, సాయంత్రం ఎవరైనా పెద్దమనిషి పోతే సంతాపంలోనూ మోగింది. కొన్నాళ్ళకి ఆ వేణువు వినబడగానే ఊళ్ళో జనం ఎవరు పోయారో, ఏ చేనుకి తెగులు పట్టిందో అని కంగారుపడసాగారు. చివరికి దాని సొంతదారు కూడా విన్నాడు. లాయరు నోటీసు వచ్చింది.

ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? తప్పయిందని చెప్పి, కావలసిన హక్కు కొనుక్కుని, ఇక మీదట షరతులు చదివి వాడుకుంటారు. డైరెక్టర్ దశరథరామయ్య గారికి ఇది నచ్చలేదు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన ఏ సమస్యనీ పరిష్కరించి అవమానించి ఎరగరు. ప్రతి సమస్యకీ ఒక విభాగం పెట్టి గౌరవించేవారు. ఆ విధంగా 'ధ్వని హక్కుల నిర్ధారణ విభాగం' పుట్టింది. దానికి ప్రత్యేకాధికారి ముక్తేశ్వరరావు గారు. అంతకుముందు ఆయన అదే ఆఫీసులో కుర్చీలూ, ఫ్యాన్లూ, బీరువా తాళాలూ చూసుకునేవారు. రాజధానిలో కాపీరైటు మీద ఏదో శిక్షణా శిబిరం జరిగితే, వెళ్ళాల్సిన మనిషికి జ్వరం వచ్చి ఈయన వెళ్ళారు. వెళ్ళింది ముక్తేశ్వరరావు గారే గాని, తిరిగొచ్చింది ఎవరో ఆఫీసులో ఎవరికీ అంతుపట్టలేదు.

"శబ్దమనగా ఆస్తి," అన్నారాయన మొదటి సమావేశంలో లేచి నిలబడి. "ప్రతి శబ్దమునకు ఒక కర్త ఉండును. ఆ కర్త ఎవరో తేలనంత వరకు సదరు శబ్దము ఈ కేంద్రము నుండి వెలువడరాదు."

నాటక విభాగం చూసే హైమవతి వెనక వరసలో కూర్చుని వేరుశనగ పలుకులు తింటోంది. ఆయన మాట ఆపి ఆమె నోటి వంక చూశారు. ఆమె నమలడం ఆపేసి, ఉన్నవి ఉన్నట్టు మింగేసింది.

హైమవతికి నోరు కొంచెం ఎక్కువ, అందువల్ల ప్రమోషన్లు కొంచెం తక్కువ. నాటకాలంటే ప్రాణం, ఆ ఆఫీసంటే ఒళ్ళుమంట. అక్కడే పడి ఉండటానికి కారణం ఏమిటంటే ఆఫీసు లేకుండా నాటకాలు గాల్లోకి వెళ్ళవు. ఆ ఏడాది ఆమె మనసులో ఒకటే పని ఉంది. రేవులమ్మపేట కోసం ఒక తుఫాను నాటిక చెయ్యాలి.

రేవులమ్మపేట సముద్రం అంచున ఉన్న జాలరుల పేట. నిరుడు తుఫాను వస్తుందని కేంద్రం హెచ్చరిక చదివింది. చదివినామెది తేనెలాంటి గొంతు. 'మత్స్యకార సోదరులు వేటకు వెళ్ళరాదని మనవి' అని పెళ్ళి భోజనాలకి పిలిచినంత తియ్యగా చదివింది. పేటలో ఎవరూ చెవిన పెట్టలేదు. ఒక పడవ తిరిగి రాలేదు. అందులో మైలపల్లి నూకరత్నం తమ్ముడున్నాడు.

నూకరత్నం చేపల గంప గుమ్మంలో దించి, నేరుగా హైమవతి బల్ల దగ్గరికే వచ్చింది.

"అమ్మా, మీ సదువు మావోళ్ళ సెవికెక్కదమ్మా. తుపానని సెప్తారు, రాదు. మల్లీ సెప్తారు, మల్లీ రాదు. ఓపాలి నిజంగానే వొచ్చేస్తాది. సదవొద్దు, గాలి ఇనిపించండి. గాలెలాగ అరుస్తాదో, కెరటమెలాగ ఇరుగుతాదో ఇనిపించండి. అదింటే మావోళ్ళ కాళ్ళు కదలవు. మాయన అసలే మొండోడు. తమ్ముడెలాగూ పోనాడు. ఈడినైనా ఉంచండమ్మా."

హైమవతి మాటిచ్చింది.

నాటిక రాయడం సుళువుగానే అయింది. దానికి గాలి కావాలి, కెరటం, వాన, ఉరుము కావాలి, దూరంగా ఒక కుక్క అరవాలి. ఈ సంగతి చెప్పడానికి ఆమె ముక్తేశ్వరరావు గారి గదికి వెళ్ళింది.

"వాన ఎక్కడిది?" అన్నారాయన.

"మన లైబ్రరీలోదేనండి. పాత సీడీ. అట్ట మీద రాయల్టీ ఫ్రీ అని కూడా ఉంది."

"ఫ్రీ అనగా ఉచితమని కాదు. ఒకమారు కొన్న పిదప వాడిన ప్రతిసారీ రుసుము చెల్లించనక్కరలేదని అర్థము. అదియును షరతులకు లోబడి. ఈ సీడీ షరతు చూచితిరా? సినిమాలకు మాత్రమే. రేడియో ఊసు లేదు."

చూస్తే నిజమే. మనిషి సరిగ్గానే మాట్లాడుతున్నాడే అని హైమవతికి కాస్త ముచ్చట కూడా వేసింది.

"అయితే నేనే బీచికి వెళ్ళి రికార్డు చేసుకొస్తాను. నేను తీసింది మనదే కదండీ?"

"రికార్డింగు మనదే. మూలము ఎవరిది?" ముక్తేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శిబిరంలో నేర్చుకున్నది చెప్పబోయే ముందు ఆయనకది అలవాటు. "పాటకు రెండు హక్కులుండును. బాణీ కట్టినవానిది ఒకటి. దానిని రికార్డు చేసినవానిది మరియొకటి. మీరు గాలిని రికార్డు చేసెదరు. సంతోషము. గాలికి బాణీ కట్టినదెవరు?"

హైమవతి కిటికీ వంక చూసింది. బయట గాలి ఎవరి అనుమతీ లేకుండా కొబ్బరిమట్టల్ని ఊపుతోంది.

"దేవుడండీ."

"లిఖితపూర్వకముగా ఉన్నదా?"

ఆమె మళ్ళీ కిటికీ వంక చూసింది. ఆయన దాన్ని అంగీకారం కింద తీసుకుని ముందుకు సాగారు.

"పైగా మీరు కోరునది సామాన్యమైన గాలి కాదు, తుఫాను గాలి. తుఫానులకు నామకరణము జరుగును. ఒక్కొక్క తుఫానుకు ఒక్కొక్క దేశము పేరు నిచ్చును. నిరుటి తుఫానుకు పేరిచ్చినది మనము కాము, పొరుగు దేశము. పేరు పెట్టినవారికి హక్కుండదా? కావున ఈ గాలి విదేశాంగ శాఖ ద్వారా రావలసి యున్నది."

"పోనీ కుక్క? వీధికుక్కండీ. ఎవరిదీ కాదు."

"చెవి కొస కత్తిరించి ఉన్నదా?"

"ఉండే ఉంటుంది. మునిసిపాలిటీవాళ్ళు ఆపరేషన్ చేసి అలాగే వదిలేస్తారు."

"అయినచో అది మునిసిపాలిటీ కుక్క. అరుపు సైతము వారిదే. కమిషనరు గారి సంతకము తీసుకొనుడు."

హైమవతి కుక్కని కొట్టేసింది. అంటే నాటికలోంచి.

మర్నాడు ఆమె ఇంకో దారి పట్టింది. సీడీలు రాకముందు రేడియో నాటకాల్లో చప్పుళ్ళన్నీ చేత్తోనే చేసేవారు. చాటలో కందులు పోసి అటూ ఇటూ జార్చితే వాన. పెద్ద రేకు పట్టుకుని ఊపితే ఉరుము. చెక్క చట్రం మీద పట్టుచీర బిగించి రాపాడిస్తే గాలి. ఎవరి సీడీ అక్కర్లేదు, ఎవరి సముద్రం అక్కర్లేదు. ఆమె తన పెళ్ళిచీరే తెచ్చింది. రాపిడికి జరీ పోగులు లేచిపోతుంటే ప్రాణం ఉసూరుమన్నా, వచ్చిన గాలి మాత్రం గాలిలాగే ఉంది.

ముక్తేశ్వరరావు గారు స్టూడియోకి వచ్చి, కళ్ళు మూసుకుని విన్నారు.

"చీర నేసినదెవరు?"

"ఎవరో నేశారండీ. మా అమ్మ కొంది."

"కొన్ని నేతలకు ఊరి పేరున రక్షణ ఉన్నది. ఆ చీరను చీరగా కట్టుకొనుటకే గాని, గాలిగా ప్రసారము చేయుటకు మీ మాతృమూర్తికి హక్కు సంక్రమించినట్లు ఆధారము లేదు. కందులు ఏ రకము? ఆ విత్తనమును రూపొందించిన పరిశోధనా కేంద్రము వారిని సంప్రదించితిరా? రేకు మీద కంపెనీ ముద్ర కనబడుచున్నది."

"ముద్ర వినబడదు కదండీ!"

"వినబడదని ధ్రువీకరణ ఇవ్వగలరా?"

అప్పుడు సింహాద్రి ముందుకొచ్చాడు. స్టేజీ మీదా రేడియోలోనూ వేషాలు వేసి వేసి గొంతు గరుకెక్కిన పాత నటుడు. "ఈ గోలంతా ఎందుకమ్మా, నేను నోటితో కొడతాను," అని మైకు ముందు నిలబడి, రెండు చేతులూ నోటికి దొప్పలా పట్టి గాలిని మొదలెట్టాడు. ముందు దూరంగా ఈల. తర్వాత తలుపు సందులోంచి దూరినట్టు. ఆ తర్వాత ఇంటి కప్పు మీద కూర్చుని ఏడ్చినట్టు. స్టూడియోలో ఉన్నవాళ్ళ ఒళ్ళు గగుర్పొడిచింది. ముక్తేశ్వరరావు గారు చేతిరుమాలు తీసి చెవులకి చుట్టుకున్నారు.

"అద్భుతము," అన్నారు తేరుకుని. "కళాకారుని హక్కు కింద వీరితో ఒప్పందము చేసుకొనవచ్చును."

హైమవతికి ప్రాణం లేచొచ్చింది.

"ఒక్క సందేహము. సింహాద్రి గారూ, తుఫాను గాలిని తమరు ఇంతకుముందెన్నడైనా విని ఉంటిరా?"

"వినకపోవడమేంటి బాబూ! మాది సముద్రం పక్కనే. పుట్టిందగ్గర్నించీ వింటూనే ఉన్నాను."

"అయినచో ఇది అనుకరణ. మూల గాలి అనుమతి మరల కావలెను." ఆయన పాపం నిజంగానే బాధపడ్డారు. "ఎన్నడూ గాలి విననివారెవరైనా ఉన్నచో తీసుకురండి. వారిచేత ఊదించుకొనవచ్చును."

హైమవతి డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళి అరిచింది. ఆయన శాంతంగా విన్నారు. ఆమె అరుపుకి కర్త ఎవరో సందేహం లేదు గనక అభ్యంతరం పెట్టలేదు.

"చూడమ్మా హైమవతీ, ఇబ్బందంతా శబ్దంతోనే కదా? శబ్దం తీసేద్దాం."

"రేడియో నాటికలోంచా?"

"శబ్ద రహిత ధ్వని నాటిక. దేశంలో మొదటిది మనదే అవుతుంది. పై వాళ్ళకి కూడా బాగుంటుంది."

వద్దని లేచి వచ్చేస్తే నాటికే ఉండదు. ఏదో ఒకటి వెళ్ళనీ, మాటలైనా చేరతాయి అనుకుని హైమవతి తలూపింది. అలా తలూపినందుకు తర్వాత చాలాసార్లు తన తల తనే మొట్టుకుంది.

ఈలోగా సముద్రంలో వాయుగుండం పుట్టింది. ఏ విభాగాన్నీ సంప్రదించకుండా తుఫానుగా మారి, తీరం వైపు బయల్దేరింది. ఆ సాయంత్రమే నాటిక ప్రత్యక్ష ప్రసారం. చప్పుళ్ళ బదులు తేనెగొంతు ఆవిడ చదువుతోంది. "ఇచట గాలి భయంకరముగా వీచును. ఇచట ఉరుము ఉరుమును, అనుమతి రావలసి ఉన్నది. ఇచట కుక్క అరచును, తొలగించబడినది." మాటకీ మాటకీ మధ్య ఆగడానికి కూడా వీల్లేదు. స్టూడియోలో నిశ్శబ్దం ఆ గోడల వల్ల వస్తోంది, గోడలు కట్టింది ఇంకో శాఖ, కాబట్టి ఆ నిశ్శబ్దమూ వాళ్ళదే. ఆవిడ ఊపిరి తీసుకోకుండా చదివి చదివి ఎర్రబడిపోయింది.

మధ్యలో హైమవతి ఫోను మోగింది. నూకరత్నం.

"ఏటమ్మా ఇది? ఇచట గాలి ఈచునంట! పేటంతా పడీపడీ నవ్వుతున్నారు. మాయన ఆ మాటే అనుకుంటా వల సర్దుతున్నాడు. తెల్లారగట్ల ఎల్లిపోతారంట, అందరూను. నానేటి సెయ్యనమ్మా?"

ఆమె వెనకాల మగవాళ్ళ నవ్వులు హైమవతికి స్పష్టంగా వినిపించాయి. భయం వేసింది. భయం కంటే కోపం ఎక్కువ వేసింది, తన మీద కూడా. ఎవరితోనూ ఏమీ అనకుండా స్టూడియోలోకి వెళ్ళి, తేనెగొంతు ముందున్న మైకు ఊడదీసుకుంది. పొడుగాటి కేబులు తగిలించి, మెట్లెక్కి మేడ మీదికి పరిగెత్తింది.

పైన అప్పటికే గాలి ముదిరింది. సముద్రం కనబడటం లేదు గాని హోరు వినబడుతోంది. వాన ముఖాన రాళ్ళేసినట్టు కొడుతోంది. హైమవతి మైకుకి చీర కొంగు చుట్టి, పిట్టగోడకి ఒరిగి, దాన్ని సముద్రం వైపు చాచి పట్టుకుంది. కింద ఇంజినీరు ఆపలేదు. ఆపమని ఎవరూ రాసివ్వలేదు మరి.

ముక్తేశ్వరరావు గారు మాత్రం ఆమె వెనకే వచ్చేశారు.

"హైమవతి గారూ! ఆ గాలికి అనుమతి లేదు! మైకు దించుడు! సదరు శబ్దము..."

సదరు శబ్దము ఆయన్ని పక్కకి తోసింది. మెట్ల గది మీది రేకులు పెళపెళమంటూ లేచి, ఆయన తల మీదుగా వెళ్ళిపోయాయి.

"ఓరి నాయనోయ్! రేకెగిరిపోయిందిరా బాబోయ్! అమ్మో, నన్ను లాక్కుపోతోంది, పట్టుకోండి! పట్టుకోండర్రా! చచ్చాన్రా దేవుడోయ్!"

ఆయన ఉద్యోగజీవితంలో ఆఫీసు భాష లేకుండా మాట్లాడింది ఆ ఒక్క సాయంత్రమే. హైమవతి ఒక చేత్తో మైకూ, రెండో చేత్తో ఆయన చొక్కా కాలరూ పట్టుకుని, గాలినీ వాననీ ఆయన ఏడుపునీ తీరం పొడుగునా వినిపించింది. రేవులమ్మపేటలో నవ్వులు ఆగిపోయాయి. తెల్లారగట్ల తుఫాను వచ్చి పేటలో కప్పులు లేపేసింది, పడవల్ని తిరగేసింది, కొబ్బరిచెట్లని విరిచేసింది. పేట మనుషులు మాత్రం ఒక్కరూ సముద్రం మీద లేరు. ఆ కబురు తెలిసినప్పుడు హైమవతి ఆఫీసు వరండాలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకునేసరికి సస్పెన్షను ఆర్డరు వచ్చింది.

విచారణ జరిగింది. ముక్తేశ్వరరావు గారు నిష్పక్షపాతి. అనుమతి లేని ప్రసారంలో తన కేక కూడా ఉంది గనక తనకి తానే సంజాయిషీ నోటీసు ఇచ్చుకుని, తన జవాబు తనకే తృప్తికరంగా లేదని తేల్చారు. చివరికి డైరెక్టర్ గారి సంతకంతో ఉత్తర్వు వెలువడింది. 'హక్కులు నిర్ధారణ కాని శబ్దములు కలిగియున్నందున సదరు ప్రసారము చెల్లనేరదు. శ్రోతలు దానిని విననట్లు భావించవలెను.' నకళ్ళు అన్ని శాఖలకీ వెళ్ళాయి.

ఎవరూ చదవకపోతే బాగుండేది. చదివారు. రేవులమ్మపేటవాళ్ళు హెచ్చరిక విననట్లయితే వేటకు వెళ్ళినట్లేనని ఒక శాఖ తేల్చింది. ఆ తెల్లవారుజామున వేటకు వెళ్ళినవాళ్ళు బతికి బయటపడే అవకాశం లేదని ఇంకో శాఖ తేల్చింది. తుఫాను సాయం బియ్యం కోసం నూకరత్నం మొగుడు ఎర్రయ్య వరసలో నిలబడితే, డిపోవాడు మొహం చూసి కూడా, "నువ్వు గల్లంతయ్యావు, నీకు బియ్యం రావు," అన్నాడు. బతికే ఉన్నాడని ఎవరు రాసివ్వాలి? ఆ మాట పుట్టించిన కేంద్రమే రాసివ్వాలట.

నూకరత్నం మొగుణ్ణి రెక్క పట్టుకుని ఆఫీసుకి తీసుకొచ్చింది. సస్పెన్షనులో ఉన్నా హైమవతి వెంట వచ్చి గుమ్మంలో నిలబడింది. గదిలో డైరెక్టర్ గారూ, ముక్తేశ్వరరావు గారూ కూర్చుని ఉన్నారు. ఎర్రయ్య తలుపుకి అడ్డంగా సరిపోయేంత మనిషి. డైరెక్టర్ గారు అతణ్ణి కిందనుంచి పైదాకా చూసి, గల్లంతైనవాడు ఇలా ఉండకూడదే అన్నట్టు ముఖం పెట్టారు.

"ఒక్క ప్రశ్న," అన్నారు ముక్తేశ్వరరావు గారు. "ఆ సాయంత్రము మేడ మీది గాలిని నీవు రేడియోలో వింటివా, లేదా?"

ప్రశ్నలోని ఇరకాటం హైమవతికి అర్థమైంది. విన్నానంటే అనుమతి లేని శబ్దం వల్ల లాభం పొందినట్టు, కేసు. వినలేదంటే వేటకు వెళ్ళినట్టు, గల్లంతు. ఎటు చెప్పినా ఎర్రయ్య ఇంటికి వెళ్ళే దారి లేదు. ఆమె కళ్ళతో సైగ చేసింది గాని, ఏ సైగ చెయ్యాలో ఆమెకే తెలియదు. ఎర్రయ్య బుర్ర గోక్కుంటూ పెళ్ళాం వంక చూశాడు.

"ఈడు ఇనలేదు బాబూ," అంది నూకరత్నం. "ఈడికి రేడియో అంటేనే ఎటకారం. నాను ఇన్నాను. కేసెడితే నామీదెట్టుకోండి. నాను ఏటకెల్లను, గల్లంతవడానికి."

"ఇతడు విననిచో వేటకు పోక ఎట్లు ఆగినాడు?"

"వల బుజానేసుకుని గుమ్మం దాటబోనాడు. ఈపు మీద ఒక్కటిచ్చినాను. పేటంతా ఇనపడిపోనాది. అది ఇని పక్కిళ్ళోళ్ళు కూడా వలలు దించేసినారు."

ముక్తేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ చప్పుడునకు హక్కుదారు ఎవరు?"

"ఈపు ఆయంది, సెయ్యి నాది. మజ్జిన ఇంకెవురూ లేరు." నూకరత్నం కొంగు నడుముకి బిగించి ఒక అడుగు ముందుకేసింది. "నమ్మకం లేకపోతే ఇప్పుడే ఇనిపిస్తాను. ఈపు మాత్రం మీదియ్యండి బాబూ, ఈడిది ఇంకా తగ్గలేదు."

ముక్తేశ్వరరావు గారు కుర్చీని వెనక్కి లాక్కుని, వీపు గోడకి ఆనించి కూర్చున్నారు. కలం తీసుకున్నారు. సదరు ఎర్రయ్య సజీవుడేననీ, అతణ్ణి ఆపిన శబ్దమునకు కర్తలు స్పష్టముగా ఉన్నందున ఎట్టి అనుమతియు అవసరము లేదనీ రాసి, సంతకం చేసి, డైరెక్టర్ గారి ముందుకి తోశారు. ఆయన ఒకసారి నూకరత్నం చేతి వంక చూసి, చదవకుండానే సంతకం పెట్టారు.

ఆ కాగితం చేతపట్టుకుని మొగుడూ పెళ్ళాం బియ్యం వరసకి బయల్దేరారు. వరండాలో నిలబడ్డ హైమవతి, గేటు దాటేదాకా ఎర్రయ్య వీపు వంకే చూస్తూ నవ్వుకుంది.